కొండకు సొంత మాట ఎందుకు లేదు

ఒకప్పుడు కొండలు మాట్లాడేవి.

పిలిస్తే పలికేవి, పిలవకపోయినా పలికేవి. "మేకల్ని వదిలేసి ఎటు తిరుగుతున్నావురా?" అని పిల్లల్ని కసిరేవి. "వాన వస్తోంది, ఆరబోసిన సామలు ఎత్తుకోండి" అని ఆడవాళ్ళకి చెప్పేవి. ఏ బండ కింద పాముందో, ఏ చెట్టుకి తేనెపట్టు ముదిరిందో అడిగినవాళ్ళకల్లా చెప్పేవి.

తమలో తాము కూడా మాట్లాడుకునేవి. పైకి విడివిడిగా కనబడతాయి గానీ, నేల కింద కొండలన్నీ ఒకే వేరు మీద ఉంటాయి. తూర్పున ఉన్న కొండకి ముల్లు గుచ్చుకుంటే పడమటి కొండ "అబ్బా!" అనేది.

వాటన్నిటిలో పెద్ద కొండ ఒకటుండేది. దాని చుట్టూ ఏడు ఊళ్ళు. ఆ ఊళ్ళవాళ్ళు కొండని "అవ్వ" అని పిలిచేవాళ్ళు. అవ్వ నెత్తి మీద మబ్బులు ఆగేవి. నడుము దగ్గర ఊటలు పుట్టేవి. పొట్టలో ఎర్రరాయి ఉండేది. ఆ రాయి వానాకాలం నీళ్ళన్నీ తాగి, దాచుకుని, ఎండాకాలంలో కొంచెం కొంచెంగా వాగులకి వదిలేది. అందుకే అక్కడి వాగులు ఎప్పుడూ ఎండేవి కావు.

అవ్వ అనేది పిలుపు. అసలు పేరు వేరే ఉంది. ఆ పేరు ఒక్క మనిషికే తెలియాలి, ఆ మనిషి ఆడమనిషి కావాలి. ఏడాదికోసారి, విత్తనాల పండగనాడు, ఆమె మూడు రోజులు పస్తుండి కొండకొసకి ఎక్కి ఆ పేరు ఒక్కసారి పైకి అనాలి. అంతే, మళ్ళీ ఏడాది దాకా ఆ పేరు ఎత్తకూడదు. ఎందుకంటే ఆ పేరే అవ్వకి నాలుక. నాలుకని తీసి పరాయివాళ్ళ చేతిలో పెడితే అవ్వ ఇంక దేనితో మాట్లాడుతుంది?

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరైనా ఆ పేరు ఊసు ఎత్తితే, అక్కడున్నవాళ్ళంతా కింద కూర్చుని, రెండు అరచేతులూ నేలకి ఆనించి, నోరు మూసుకోవాలి. "ఇది మాది. దీని జోలికి రావద్దు" అని చెప్పడానికి ఆ ఏడు ఊళ్ళలో అంతకంటే పెద్ద మాట లేదు. పులి కూడా ఆ చేతులు చూసి పక్కదారి పట్టేది.

ఆ కాలంలో పేరు తెలిసిన మనిషి బుద్రి. నలభై దాటిన మనిషి, మాట కరుకు. మేనత్త చనిపోయే ముందు పేరు ఆమె చెవిలో వేసింది. "పేరు చెప్పేసింది గానీ, దాన్ని మోయడానికి గంప ఇవ్వలేదు" అనేది బుద్రి.

ఒకరోజు కిందదేశం నుంచి ఒక కరణం గుర్రమెక్కి వచ్చాడు. పేరు గవర్రాజు. చంకలో పెద్ద పుస్తకం. అతన్ని చూడ్డానికి ఏడు ఊళ్ళ జనమూ పోగయ్యారు. మనిషి చెడ్డవాడు కాదు. ఇచ్చిన అంబలి మొత్తం తాగి, డొప్పని తనే తీసి పక్కన పెట్టాడు.

"మా రాజుగారి కోటకి ఇనుప తలుపులు కావాలి" అన్నాడు. "ఈ కొండలో ఎర్రరాయి ఉందట. కరిగిస్తే ఇనుము వస్తుందట."

ఊరిపెద్ద డొంబు అడిగాడు. "ఇప్పుడు కోటకి తలుపుల్లేవా బాబూ?"

"ఉన్నాయి. చెక్కవి."

"విరిగిపోయాయా?"

"లేదు."

"మరెందుకు?"

"రాజుగారు కావాలన్నదానికి ఎందుకు అని అడగరయ్యా" అన్నాడు కరణం ఓపిగ్గా. "నేను అడగలేదు. మీరూ అడక్కండి."

"మేం అడగొచ్చు" అంది బుద్రి. "మాకు ఆయన జీతం ఇవ్వట్లేదు."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. కరణం కూడా నవ్వాడు. తరవాత పుస్తకం తెరిచాడు.

"ఇందులో పేరున్న కొండలన్నీ ఉన్నాయి. ఇందులో పేరెక్కిన కొండని రాజుగారైనా ముట్టుకోరు, అది చట్టం. పేరు లేని కొండ బంజరు. దాన్ని ఎవరైనా తవ్వుకోవచ్చు. చెప్పండి, ఈ కొండ పేరేమిటి?"

అంతే. ఏడు ఊళ్ళ జనమూ ఒక్కసారిగా కింద కూర్చున్నారు. అరచేతులు నేలకి ఆనించారు. నోళ్ళు మూసుకున్నారు. చంటిపిల్లల నోళ్ళు తల్లులు మూశారు. కొమ్మ మీది కోతి కూడా చేతులు కొమ్మకి ఆనించింది.

కరణం చూశాడు. "పేరు లేదా?"

ఎవరూ పలకలేదు.

"సరే. కొండ తవ్వడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

చేతులు నేలకి ఇంకా గట్టిగా నొక్కుకున్నాయి.

"ఇంకోసారి అడుగుతున్నాను. అభ్యంతరం ఉందా?"

ముసలివాళ్ళ వేళ్ళు మట్టిలో దిగబడ్డాయి. అంత గట్టిగా ఆ ఊళ్ళు ఎప్పుడూ 'వద్దు' అనలేదు.

ఇంక అవ్వకి ఆగలేదు. "ఒరే కరణం! కొండని నేనే. అభ్యంతరం నాకుంది" అంది.

కరణం చేతిలో కలం జారి పడింది. కానీ అతను పాత ఉద్యోగి. కలం తీసుకుని, దులిపి, లేచి నిలబడి దండం పెట్టాడు. "క్షమించాలి తల్లీ. మీ మాట చెల్లదు. ఏ ఆస్తి గురించి విచారణ జరుగుతోందో, ఆ ఆస్తే వచ్చి సాక్ష్యం చెప్పకూడదు. మనుషులు చెప్పాలి."

మనుషులు చేతులతో చెబుతూనే ఉన్నారు. కరణం వాళ్ళ దేశంలో మాత్రం నోరు మూసుకున్నవాడు ఒప్పుకున్నట్టే లెక్క. అతను పుస్తకంలో రాసుకున్నాడు. 'పేరు లేని కొండ. ఏడు ఊళ్ళ జనం నేల మీద కూర్చుని, వినయంగా ఒప్పుకున్నారు.'

పుస్తకం మూసి అందరికీ దండం పెట్టాడు. "మీ మాట ఏమైనా మారితే పున్నమిలోగా రండి. తరవాత ఈ పుస్తకం మూసేస్తారు."

"మా మాట మారదు బాబూ" అన్నాడు డొంబు గర్వంగా.

"సంతోషం" అన్నాడు కరణం, గుర్రమెక్కుతూ.

అతను మలుపు తిరిగేదాకా చూసి జనం కేకలు పెట్టారు. డప్పులు తెచ్చారు.

"చూశావా మరదలా? మన చేతులు చూసి ఎలా తోక ముడిచాడో! దండం కూడా పెట్టాడు" అన్నాడు డొంబు.

బుద్రి నవ్వలేదు. "బావా, ఆయన ఏటి రాసుకున్నాడు?"

"ఏం రాస్తాడు? వద్దన్నారని రాసుంటాడు."

"నువ్వు చదివావా?"

"నాకు చదువొస్తే నీతో మాటలు పడతానా?" అన్నాడు డొంబు. అందరూ నవ్వారు.

బుద్రి మర్నాడు పొద్దున్నే కొండెక్కింది. సగం దూరంలో ఒక బండ మీద కూర్చుంది.

"అవ్వా, నేను వెళ్ళి పేరు చెప్పేయనా?"

"చెప్తే నా మాట పోతుంది" అంది అవ్వ.

"చెప్పకపోతే?"

"ఆ మనిషి ఏం రాశాడో నాకూ కనబడలేదే. పుస్తకం నీడ వైపు పట్టుకున్నాడు."

"పోనీ, ఏదో ఒక పేరు కల్పించి చెప్పనా?"

"అబద్ధం పేరు పుస్తకంలోకెక్కితే ఆ అబద్ధం కొండని కాపాడతారు. నన్ను కాదు."

"అయితే ఏటి చెయ్యమంటావు?"

"నాకు తెలీదమ్మా" అంది అవ్వ.

అవ్వకి తెలియని సంగతి ఒకటుందని బుద్రి అంతకుముందు ఎరగదు. ఆమె గడ్డి పీకుతూ కూర్చుని ఆలోచించింది. పేరు చెప్తే అవ్వ మూగదైపోవడం ఖాయం. చెప్పకపోతే ఏమవుతుందో ఖాయంగా తెలీదు. పైగా కరణం దండం పెట్టాడు, చేతులు చూశాడు. పులికి అర్థమైన మాట కరణానికి అర్థం కాదా?

లేచి కొండ దిగి పొలానికి వెళ్ళింది. పున్నమి వచ్చి వెళ్ళిపోయింది.

చేలు మోకాలెత్తు పెరిగాక బండ్లు వచ్చాయి. వంద బండ్లు. గునపాలు, పారలు, మందుగుండు బస్తాలు, వాటితో పాటు కత్తులు కట్టుకున్న భటులు.

ఊళ్ళవాళ్ళు ఆకుల తాడు పేని దారికి అడ్డంగా కట్టారు. ఆకుల తాడు కట్టిన దారిలోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. ఏనుగు కూడా ఆగుతుంది. కిందదేశం ఎద్దులు వచ్చి ఆ తాడుని తినేశాయి.

"సిగ్గులేదా?" అంది బుద్రి.

"తాడా? మేతనుకున్నాను" అంది ముందున్న ఎద్దు. "నన్ను తిట్టకమ్మా. నా ముక్కుకి వేసిన తాడు ఎవరూ తినిపెట్టరు."

తేనెటీగలు లేచాయి. "మేం చూసుకుంటాం" అన్నాయి. మొదటిరోజు తవ్వేవాళ్ళు పరుగో పరుగు. రెండోరోజు పచ్చిగడ్డి తగలబెట్టి పొగ పెట్టారు. తేనెటీగలు కుప్పలుగా రాలిపోయాయి.

ఎలుగుబంటి వెళ్ళింది. ఒకడిని గీరింది. మర్నాటికి దాని తోలు ఒక బండి మీద ఆరుతోంది.

గాలి వెళ్ళి వాళ్ళ కళ్ళలో దుమ్ము కొట్టింది. వాళ్ళు మొహాలకి గుడ్డలు కట్టుకుని తవ్వారు. ఆ దుమ్మే వెనక్కి వచ్చి ఊళ్ళ మీద, చేల మీద, కుండల మీద ఎర్రగా పడింది. "నేను చేసింది ఇదా?" అని గాలి ఏడ్చింది.

ఇంక మనుషులు వెళ్ళారు. ఇంటికొకరు చొప్పున దారిలో కూర్చున్నారు. అరచేతులు నేలకి ఆనించారు, నోరు మూసుకున్నారు. వాళ్ళకి వచ్చిన పెద్ద మాట అదే కదా! భటులు రోజూ పొద్దున్నే వాళ్ళని ఒక్కొక్కరినీ ఎత్తి పక్కన పెట్టేవాళ్ళు. బండ్లు వెళ్ళేవి. వీళ్ళు మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు.

"నిన్న నన్ను ఎత్తినవాడు ఇవాళ రాలేదు" అన్నాడు డొంబు ఒకరోజు. "పాపం, నడుం పట్టేసి ఉంటుంది."

"అంబలి మానెయ్యి బావా, తేలికవుతావు" అంది బుద్రి.

"మానెయ్యడమేంటి? ఇంట్లో అంబలి ఉంటే కదా."

నిజమే. దారిలో కూర్చున్నవాళ్ళు చేలల్లో లేరు. కలుపు తియ్యలేదు, కాపలా కాయలేదు. చూస్తూ చూస్తూ విత్తనాల పండగ రోజు వచ్చింది. బుద్రి మూడు రోజులు పస్తు ఉంది. అది కష్టం కాలేదు, అందరూ పస్తే. కానీ ఎక్కడికి ఎక్కాలి? కొండకొస లేదు. మందుగుండు పెట్టి లేపేశారు. కొస ఉండాల్సిన చోట ఆకాశం ఉంది.

"అవ్వా, వాన ఎప్పుడు?" అని అడిగింది బుద్రి కింద నుంచే.

"కనబడట్లేదే" అంది అవ్వ. "నెత్తి లేదుగా. మబ్బులు ఆగట్లేదు. ఎటు పోతున్నాయో చెప్పి పోవట్లేదు."

అవ్వ గొంతు పలచబడిపోయింది. వాగు కూడా సన్నబడింది. "రాయి దాచిపెట్టిన నీళ్ళు అయిపోయాయి. ఇప్పుడు నేను పారుతున్నది అలవాటు కొద్దీ" అంది వాగు.

మాట పోతే పోయింది, కొండైనా మిగలాలి అనుకుని ఆ రోజు బుద్రి ఎవరికీ చెప్పకుండా కిందదేశానికి బయలుదేరింది. నాలుగు రోజులు నడిచింది. కరణం కచేరీ వెతికి పట్టుకుంది. కరణం ఆమెని గుర్తుపట్టి, లేచి మంచినీళ్ళు ఇప్పించాడు.

"పేరు చెప్తాను. రాసుకో" అంది.

"కూర్చోమ్మా."

"కూర్చోను. రాసుకో."

ఆమె పేరు చెప్పింది. మేనత్త చెవిలో వేసిన పేరు. దాన్ని కొండకొస మీద తప్ప ఎక్కడా పైకి అనలేదు. ఇప్పుడు దాన్ని నాలుగు గోడల మధ్య, చెప్పుల శబ్దాల మధ్య, ముక్కుపొడుం వాసనలో అంది. పేరేమిటని మాత్రం అడగకండి. అడిగితే ఏమైందో ఇప్పుడే విన్నారు.

కరణం ఆ పేరు మెల్లిగా ఒకసారి పైకి చదువుకున్నాడు. "ఎంత మంచి పేరు! ఆరోజే చెప్పి ఉంటే..."

"ఆరోజు ఏడు ఊళ్ళూ నీకు చెప్పాయి. వద్దని చేతులతో చెప్పాం."

కరణం ఆమె మొహంలోకి చూశాడు. "అది వద్దనడమా? మా దేశంలో నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టేనమ్మా" అన్నాడు. అతని మొహంలో రంగు పోయింది. తరవాత తలుపు వైపు ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"ఇప్పుడు రాసుకున్నావుగా. తవ్వడం ఆపించు" అంది బుద్రి.

"అమ్మా... కొండల పేర్లు రాసే పుస్తకం పున్నమికే మూసేశారు. అది మళ్ళీ తెరవరు. ఇది తవ్వకాల పుస్తకం. ఇందులో గని పేరు రాసే గడి ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది." అతను గొంతు తగ్గించాడు. "అందులో రాశాను."

"దాన్ని కొట్టెయ్యి."

"సిరాతో రాశానమ్మా."

"నాకు తిరిగిచ్చెయ్యి."

కరణం నోరు మూసుకున్నాడు. వాళ్ళ దేశంలో నోరు మూసుకున్నవాడు ఒప్పుకున్నట్టు కదా అని బుద్రి కాసేపు నిలబడింది. అతను ఏమీ ఇవ్వలేదు. ఆమె వెళ్ళిపోయింది.

మళ్ళీ నాలుగు రోజులు నడక. ఆమె కంటే రాజుగారి గుర్రం ముందు చేరింది. గని మొదట్లో ఒక రాతిపలక నిలబెట్టి ఉంది. దాని మీద అక్షరాలు ఉన్నాయి. బుద్రికి చదువు రాదు. చదవక్కర్లేకుండానే తెలిసింది, ఎందుకంటే బండ్లవాళ్ళు ఆ పేరు పెట్టి అరుచుకుంటున్నారు. ఏడాదికి ఒక్కసారి అనవలసిన పేరు. "ఎక్కడికిరా ఈ బండి?" అంటే ఆ పేరు. "ఎక్కడి రాయిరా ఇది?" అంటే ఆ పేరు. ఒకడు ఆ పేరు అని ఉమ్మేశాడు.

దారి పక్కన డొంబు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"మిగతావాళ్ళు ఏరి బావా?"

"వాగు నిన్న ఆగిపోయింది. పిల్లల్ని తీసుకుని నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ పోయారు. నువ్వు వస్తావని నేనున్నాను." అతను రాతిపలక వైపు చూశాడు. "పేరు నువ్వే చెప్పావా?"

"నేనే."

బుద్రి తిట్ల కోసం ఎదురుచూసింది. డొంబు తిట్టలేదు. "ఆరోజు నేను డప్పులు తెప్పించాను" అన్నాడు. "నువ్వు అడిగినప్పుడు నవ్వాను."

బుద్రి గొయ్యి అంచుకి వెళ్ళింది. కొండ ఉండాల్సిన చోట కొండంత గొయ్యి. చుట్టూ గోడల్లా కొన్ని బండలు మిగిలాయి. ఆమె నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరిచింది.

"అవ్వా! తప్పు చేశాను!"

ఏమీ వినబడలేదు. అంతలో లోపలి నుంచి, చాలా లోపలి నుంచి వచ్చింది.

"తప్పు చేశాను..."

బుద్రి ఉలిక్కిపడింది. "నువ్వా? నువ్వేం తప్పు చేశావే? చేసింది నేను!"

"నేను..." అంది గొయ్యి.

"నీకేమైంది అవ్వా? ఏదైనా చెప్పు!"

"చెప్పు..."

బుద్రి ఇంకా పిలిచింది. బతిమాలింది, తిట్టింది. ఏం అంటే దాని చివరి ముక్కే తిరిగి వచ్చింది. గొంతు కూడా అవ్వది కాదు. బుద్రి గొంతే, కొంచెం చల్లగా తిరిగి వస్తోంది. అప్పుడు ఆమెకి అర్థమైంది. అవ్వకి నాలుక లేదు. వచ్చినవాళ్ళ మాటనే పట్టుకుని, దాన్నే తిరిగి ఇస్తోంది.

ఆమె పక్క కొండ వైపు తిరిగి కేకేసింది. "నువ్వైనా చెప్పు, అవ్వ బతికుందా?"

"బతికుందా..." అంది పక్క కొండ. దాని వెనక కొండ కూడా "కుందా..." అంది. ఒకే వేరు మీద ఉన్నవి కదా. ఒకదాని నాలుక పోతే అన్నిటికీ పోయింది.

బుద్రి కింద కూర్చుంది. అలవాటు కొద్దీ అరచేతులు నేలకి ఆనించింది. నేల వేడిగా ఉంది. ఆమె నోరు మూసుకుంది. కొండా నోరు మూసుకుంది. డొంబు వచ్చి భుజం పట్టి లేపేదాకా అలాగే ఉంది. తరవాత ఇద్దరూ నీళ్ళు వెతుక్కుంటూ పోయారు.

అప్పటినుంచే కొండలకి సొంత మాట లేదు. కొండ ముందు నిలబడి మీరు ఏం అరిస్తే అది మీ మాటే మీకు తిరిగి ఇస్తుంది, అది కూడా చివరి ముక్కే. అరిచిన వెంటనే ఇవ్వదు, గమనించండి. కాస్త ఆగి ఇస్తుంది. ఆ కాస్తసేపూ అది తన మాట కోసం లోపలంతా వెతుక్కుంటుంది. దొరకదు.